చుక్కలు పడలేదు, గీత లేచింది

సంపాదకుల గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ పత్రికలో ప్రపంచ పేదరికం మీద అర పేజీ గ్రాఫిక్ వేశారు. ఐదు బార్లు. 1990 నుంచి నాలుగు బార్లు మెట్లు దిగినట్టు దిగుతూ వచ్చాయి. ఐదోది, 2022ది, ఎర్ర రంగు పూసుకుని ముందుదాని తల దాటి లేచి నిలబడింది. పైన పెద్ద అక్షరాలతో 'పేదరికం మళ్లీ పెరిగింది' అని శీర్షిక. కింద చేతులు చాచిన ఓ పిల్లాడి ఫోటో.

ఆ బొమ్మ తప్పండీ. అంకెలు తప్పు కాదు, వాటిని పక్కపక్కన నిలబెట్టడం తప్పు. మొదటి నాలుగు బార్లు రోజుకు 2.15 డాలర్ల గీతతో కొలిచినవి, అంటే అంతకంటే తక్కువతో రోజు గడిపేవాళ్లను అత్యంత పేదలుగా లెక్కపెట్టినవి. ఐదోది 3 డాలర్ల గీతతో కొలిచింది. ప్రపంచ బ్యాంకు 2025 జూన్‌లో ఆ గీతను మార్చింది. మార్చినప్పుడు ఊరుకోలేదు, వెనకటి ఏళ్ల లెక్కలన్నీ కొత్త గీతతో మళ్లీ వేసి ఇచ్చింది. మీ వాళ్లు పాత పట్టికలోంచి నాలుగు, కొత్త పట్టికలోంచి ఒకటి తీసుకున్నారు. ఒక్క 2022నే తీసుకోండి. పాత గీతతో కొలిస్తే 71.3 కోట్ల మంది, కొత్త గీతతో 83.8 కోట్ల మంది. అదే ఏడాది, ఆ మనుషులే.

దెప్పిపొడవడానికి రాస్తున్నాననుకోకండి. ఇదే తప్పు నేనూ చేశాను, మీకంటే ఆర్భాటంగా చేశాను. అందుకే మీ పేజీ తెరవగానే నా కళ్లు ఆ ఐదో బారు మీదికి పోయాయి.

నేను ఒక స్వచ్ఛంద సంస్థ వెబ్‌సైట్‌కి గ్రాఫులు తయారుచేస్తాను. కాగితం మీద గీసేవి కావు, చదివేవాళ్లు వేలు పెడితే మారేవి. ప్రపంచ పేదరికం మీద పేజీ కట్టమన్నప్పుడు బార్లూ గీతలూ వద్దనుకుని చుక్కలు పెట్టాను. ఒక్కో చుక్క పది లక్షల మంది. అప్పటి లెక్క ప్రకారం గీత కింద 713 చుక్కలు, గీత పైన మిగతా ప్రపంచమంతా, ఏడు వేల పైచిలుకు చుక్కలు. 71.3 కోట్లు అని రాస్తే కళ్లు దాటేసి వెళ్లిపోతాయి. 713 చుక్కలు కనిపిస్తే మనిషి కాసేపు ఆగుతాడు. కొందరు లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఓ ముప్పై దగ్గర మానేస్తారు. నాకు కావలసింది ఆ ముప్పై చుక్కలసేపే.

కొత్త గీత లెక్కలు రాగానే పేజీ మార్చడానికి కూర్చున్నాను. 713 కాస్తా 838 అవ్వాలి. అంటే ఇంకో 125 చుక్కలు. వాటిని పైనుంచి ఒక్కొక్కటిగా రాలి గీత కింద పడేట్టు యానిమేషన్ చేశాను. పడ్డ ప్రతి చుక్కా కాస్త అదిరి, సర్దుకుని, పక్కవాటిని కొంచెం జరిపి కూర్చునేది. ఆ అదురు కుదరడానికే మూడు రోజులు పట్టింది. ఆఫీసులో అందరికీ చూపించాను. బాగుందన్నారు. ఒకావిడకు కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి.

మా దగ్గర సర్వేలు చేయించే పెద్దాయన ఒకరున్నారు. ఇంటింటికీ తిరిగి, నెలలో ఏం తిన్నారు, ఏం కొన్నారు అని అడిగి ఫారాలు నింపించిన మనిషి. ఆయన ఏమీ అనలేదు, మళ్లీ నొక్కమన్నారు. రెండోసారి చూశాక అడిగారు.

"ఎవరు తోశారమ్మా వీళ్లని?"

"ఎవరూ తోయలేదు సార్, గీత మారింది."

"మరి గీతను కదపకుండా వీళ్లనెందుకు పడేశావు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ 125 చుక్కల్లో ఉన్నవాళ్లు ముందురోజు ఎలా ఉన్నారో మర్నాడూ అలాగే ఉన్నారు. వాళ్ల ఆదాయం పైసా తగ్గలేదు. కొలబద్ద మారింది, అంతే. నేనేమో వాళ్లు జారిపడ్డట్టు చూపించి, ఒకావిడను ఏడిపించి, అది నా పనితనం అనుకున్నాను.

ఆ రాత్రే పీకేశాను. ఇప్పుడు ఆ పేజీలో చుక్కలు కదలవు. గీత పైకి లేస్తుంది, నిదానంగా. లేస్తూ ఏ చుక్కలను దాటుతుందో అవి రంగు మారతాయి. మొదటిదానికున్న నాటకం దీనికి లేదు, చూసి ఎవరూ ఏడవరు. కానీ ఏం జరిగిందో అది కనిపిస్తుంది.

పూర్తిగా నిజం చెప్పాలంటే ఇందులోనూ కొంత సర్దుబాటు ఉంది. ఈ డాలరు బ్యాంకులో మార్చుకునే డాలరు కాదు. అమెరికాలో ఒక డాలరుకు ఎంత సరుకు వస్తుందో, అంత సరుకు కొనడానికి ఆయా దేశాల్లో ఎంత పడుతుందో లెక్కగట్టిన డాలరు. 2.15 అనేది 2017 ధరల్లో, 3 అనేది 2021 ధరల్లో. ధరల పట్టిక మారితే ఒక్కో దేశం చుక్కలు కొంచెం అటూ ఇటూ జరుగుతాయి. పైగా ఆ గీత ప్రపంచ బ్యాంకు గాల్లోంచి తీసింది కాదు. బాగా పేద దేశాలు తమకు తాముగా పెట్టుకున్న పేదరిక రేఖలన్నిటినీ వరసగా పేర్చి నడిమిది తీసుకుంటారు. కొన్ని దేశాలు సర్వేలు మెరుగుపరుచుకుని తమ రేఖలను పెంచుకోవడంతో ఆ నడిమిది కూడా పెరిగింది. అదే విడుదలలో భారతదేశం 2022-23 సర్వే కూడా కలిసింది, అది సంఖ్యను కిందికి లాగింది. ఇవన్నీ ఒక్క కదలికలో చూపించడం నావల్ల కాలేదు. గ్రాఫు కింద మూడు వాక్యాల్లో రాసి పెట్టాను. వాటిని ఎందరు చదువుతారంటే, మీ గ్రాఫిక్ కింద సన్న అక్షరాలు ఎందరు చదివారో అందరే.

అసలు ఈ గీత కదలడం కొత్తేమీ కాదు. 1990లో 'రోజుకు ఒక డాలరు' అని మొదలైంది. మధ్యలో 1.08 అయింది, 2008లో 1.25, 2015లో 1.90, 2022లో 2.15, ఇప్పుడు 3. గీత కదిలిన ప్రతిసారీ పాత సంఖ్య పక్కన కొత్త సంఖ్య పెట్టి ఎవరో ఒకరు గాభరాపడతారు, లేదా గాభరాపెడతారు.

నాకు ఇంకా బాధ కలిగించింది ఇంకోటి ఉంది. పెరుగుదల నిజంగా జరిగింది కూడా. 2020లో కరోనా దెబ్బకు దాదాపు 7 కోట్ల మంది కొత్తగా అత్యంత పేదరికంలోకి జారారని ప్రపంచ బ్యాంకు అంచనా. వాళ్లు నిజంగా పడ్డవాళ్లు. వాళ్లకైతే నా రాలే చుక్కలు సరిగ్గా సరిపోయేవి. మీ బొమ్మలో 2019 తర్వాత ఏకంగా 2022 ఉంది, 2020 బారే లేదు. ఉత్తుత్తి ఎగుడు ఎర్రగా మెరుస్తుంటే, అసలు ఎగుడు రెండు బార్ల సందులో పడి పోయింది.

అందుకే చివరికి మా పేజీలో గీతను చదివేవాళ్ల చేతికే ఇచ్చేశాను. స్లైడర్ పెట్టాను. రోజుకు డాలరు దగ్గర్నుంచి వంద డాలర్ల దాకా మీ ఇష్టం, ఎక్కడ ఆపితే అక్కడ ఎన్ని చుక్కలు కింద పడతాయో చూసుకోండి. (చూశారా, నేనే మళ్లీ 'పడతాయి' అంటున్నాను. అలవాటు.) చెప్పడానికి తేలికే గానీ, ఈ స్లైడర్ నాకు చేయించిన చాకిరీ ఇంతా అంతా కాదు.

మొదట మామూలు స్కేలు వేశాను. పది నుంచి ఇరవైకి ఎంత దూరమో ఎనభై నుంచి తొంభైకీ అంతే దూరం. ఫోన్ తెర వెడల్పు ఓ ఆరున్నర సెంటీమీటర్లు ఉంటుందనుకోండి. సున్నా నుంచి వంద దాకా దాని మీద పరిస్తే 3 డాలర్ల గీత ఎడమ అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. 2.15 గీతకూ దానికీ మధ్య ఎడం అర మిల్లీమీటరు. ప్రపంచంలోని అత్యంత పేదలందరూ బొటనవేలి గోరు కింద ఇరుక్కుపోయారు. మిగతా తెరంతా ఉన్నవాళ్లది.

దానికి విరుగుడు తెలిసిందే, లాగరిథమ్ స్కేలు. ఒకటి నుంచి రెండుకు ఎంత దూరమో, పది నుంచి ఇరవైకీ, యాభై నుంచి వందకూ అంతే దూరం. ఆదాయం రెట్టింపు కావడం పేదకైనా ధనికుడికైనా ఒకే అడుగు అన్న లెక్క. స్వీడన్ వైద్యుడు హాన్స్ రోస్లింగ్ 2006లో వేదికెక్కి దేశాలను బుడగలుగా చేసి పరుగెత్తించినప్పుడు ఆదాయాన్ని పరిచింది ఈ కొలత మీదే. స్కేలు మార్చాక 3 డాలర్ల గీత అంచు నుంచి ఒకటిన్నర సెంటీమీటర్ల దూరం జరిగింది. వేలికి దొరికింది.

దొరికింది గానీ, ఇంకో చిక్కు వచ్చింది. కంప్యూటర్ మీదైతే మౌస్ పెట్టగానే పైన చిన్న పెట్టెలో సంఖ్య వస్తుంది. ఫోన్లో వేలు పెడితే ఆ వేలి కిందే సంఖ్య ఉంటుంది, కనపడదు. స్లైడర్ జరిపినవాళ్లు వేలెత్తి చూసి, మళ్లీ జరిపి, మళ్లీ ఎత్తి, విసుగొచ్చి వదిలేశారు. సంఖ్యను తీసుకెళ్లి తెర నడినెత్తిన పెట్టాను. ఆఫీసులో పెద్ద తెరల ముందు కూర్చుని తయారుచేసే మాలాంటివాళ్లకు ఇది తట్టదు. ఒకసారి నా ఫోన్ ఒకామె చేతికిచ్చి పక్కన నిలబడితే పది నిమిషాల్లో తెలిసింది.

చూపు లేనివాళ్ల సంగతి ఇంకా ఆలస్యంగా తెలిసింది. తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో ఒకరు మా పేజీ తెరిస్తే, అది ఎనిమిది వేల చుక్కల్నీ 'గ్రాఫిక్, గ్రాఫిక్, గ్రాఫిక్' అని వరసగా చదవడం మొదలుపెట్టింది. ఇప్పుడు చుక్కల్ని దానికి కనపడకుండా చేసి, గీత ఎక్కడుందో, కింద ఎందరున్నారో ఒక్క వాక్యంలో చెప్పేట్టు పెట్టాను.

మ్యాపు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే వచ్చే వారం మీరు మ్యాపు వేస్తారేమోనని నా భయం. మా సంస్థవాళ్లూ మొదటి రోజు నుంచీ మ్యాపు కావాలన్నారు. దేశాలకు రంగులు పూస్తే చూడముచ్చటగా ఉంటుంది, నిజమే. కానీ మ్యాపు నేలను చూపిస్తుంది, మనుషుల్ని కాదు. మంగోలియా తెర మీద అరచేయంత కనిపిస్తుంది, అక్కడ ఉండేది 35 లక్షల మంది. నా లెక్కలో మూడున్నర చుక్కలు. బురుండీలో కోటీ ముప్పై లక్షల మంది ఉంటారు, ప్రపంచంలోని అతి పేద దేశాల్లో అదొకటి. ఫోన్ తెర మీద అది గుండుసూది తలకాయంత. దాని మీద నొక్కుదామని పరీక్షలో ఒకతను నాలుగుసార్లు ప్రయత్నిస్తే మూడుసార్లు టాంజానియా, ఒకసారి కాంగో తెరుచుకున్నాయి. మీరు వాడే మెర్కేటర్ మ్యాపులో గ్రీన్‌ల్యాండ్ ఆఫ్రికాతో సమానంగా కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి పద్నాలుగు రెట్లు. అత్యంత పేదల్లో మూడింట రెండొంతుల మంది సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికాలోనే ఉంటున్నప్పుడు ఆ ఖండాన్నే కుదించి చూపించే మ్యాపు వాడటం ఏం న్యాయం? ఇక ఫైలు తేలికగా ఉండాలని సరిహద్దుల వంపులు సాపు చేయిస్తే తువాలు, కిరిబాటి దీవులు మాయమయ్యాయి. వారం తర్వాత గానీ గమనించలేదు.

రంగు లేని దేశాల సంగతి వీటన్నిటికంటే ముఖ్యం. ఉత్తర కొరియా, ఎరిత్రియా లాంటి చోట్ల లెక్కే లేదు. వాటిని లేత బూడిద రంగులో ఉంచాను. నా స్కేల్లో పేదరికం తక్కువున్న దేశాలు లేత పసుపు. ఎండలో ఫోన్ పట్టుకుంటే రెండూ ఒకేలా తెల్లగా ఉన్నాయి. "ఉత్తర కొరియాలో పేదవాళ్లు లేరా?" అని ఒక వాలంటీరు అడిగింది. తప్పు ఆమెది కాదు, నాది. ఇప్పుడు లెక్క లేని చోట్ల అడ్డగీతలు గీసి పెట్టాను. కాలం గీతలోనూ అంతే. భారతదేశానికి 2011-12 సర్వే తర్వాత మళ్లీ 2022-23 దాకా అధికారికంగా వాడదగ్గ వినియోగ సర్వే లేదు. 2017-18లో చేసినదాన్ని ప్రభుత్వం పక్కన పెట్టేసింది. ఆ పదకొండేళ్ల మీదుగా నిండు గీత గీస్తే చూసి వచ్చినట్టు చెప్పడమే. అక్కడ చుక్కల గీతే వేశాను.

మా సంస్థలో విరాళాలు చూసే ఆయనతో పడ్డ గొడవ కూడా దాచను. 1990లో ప్రపంచంలో నూటికి 38 మంది 2.15 డాలర్ల గీత కింద ఉండేవాళ్లు, 2022 నాటికి నూటికి తొమ్మిది మంది. గ్రాఫు కిందికి దిగుతోంది. ఆయన చూసి, "ఇలా తగ్గిపోతోందని మనమే చూపిస్తే డబ్బులెవరిస్తారండీ?" అన్నారు. పేజీ పైన గిర్రున తిరిగే అంకె ఒకటి పెట్టమన్నారు. నేను ఒప్పుకోలేదు. కానీ ఆయన భయాన్నీ కొట్టిపారేయలేను, ఆ విరాళాలతోనే నా జీతమూ వస్తోంది. చివరికి ఒక బటన్ దగ్గర రాజీ పడ్డాం. ఒకవైపు నొక్కితే శాతం, ఇంకోవైపు నొక్కితే మనుషుల సంఖ్య. సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికాను ఎంచుకుని నొక్కి చూడండి. 2.15 గీతతో చూస్తే, 1990లో సగానికి పైగా ఉన్న శాతం మూడో వంతు కంటే కాస్త ఎక్కువ దగ్గరికి దిగింది. సంఖ్య మాత్రం పెరిగింది, ఎందుకంటే జనాభా అంతకంటే వేగంగా పెరిగింది. ఒకే గ్రాఫు, ఒకటి దిగుతుంది, ఒకటి ఎక్కుతుంది, రెండూ నిజమే. ఎక్కువమంది ఆ బటన్ నొక్కరని నాకు తెలుసు. అందుకని పేజీ తెరవగానే ఒకసారి అదే మారి మళ్లీ వెనక్కి వచ్చేట్టు పెట్టాను. విరాళాలాయన ఇప్పటికీ ఆ గిర్రున తిరిగే అంకె గురించి అడుగుతూనే ఉంటారు.

ఇక మీ ఎరుపు. 1889లో లండన్‌లో చార్లెస్ బూత్ అనే ఆయన వీధి వీధికీ పేదరికం మ్యాపు వేయించాడు. ధనికుల వీధులకు బంగారు పసుపు, అట్టడుగువాళ్ల వీధులకు నలుపు. ఆ నలుపు పక్కన వివరణలో 'దుర్మార్గులు, సగం నేరస్థులు' అని అర్థమొచ్చే మాటలు రాసి ఉంటాయి. ఆ సర్వే ఎంతో గొప్ప పని, అందులో అనుమానం లేదు. కానీ ఆ వీధుల్లో బతికేవాళ్లు తమ ఇంటి మీద ఆ రంగు చూస్తే ఏమనుకుంటారో అని రంగు వేసినవాళ్లకు తోచినట్టు లేదు. నేనూ మొదట్లో ఎరుపే వాడాను. సర్వేల పెద్దాయన కూర్చునే కుర్చీ నా వెనకే కావడంతో అది ఎక్కువ రోజులు నిలవలేదు. ఇప్పుడు ముదురు నీలం. ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియని కళ్లకు కూడా అదే మేలు.

నా విన్నపం చిన్నదే. ఆ గ్రాఫిక్ మళ్లీ వేయండి. ఐదు బార్లూ 3 డాలర్ల గీతతోనే వేయండి, వెనకటి ఏళ్ల అంకెలు ప్రపంచ బ్యాంకు పట్టికలో ఉచితంగా దొరుకుతాయి. 2020కి ఒక బారు కలపండి. పాత గీతతో ఎంతో కూడా చూపించాలనుకుంటే ప్రతి బారు మీదా ఆ ఎత్తు దగ్గర సన్నటి అడ్డగీత చాలు. అప్పుడు శీర్షిక మారక తప్పదు, అది మీరే చూసుకోండి. చోటు చాలదంటారేమో, కింద ఆ పిల్లాడి ఫోటో తీసేస్తే సరిపోతుంది.

ఇట్లు,
చుక్కలు పెట్టుకుని బతికే మీ పాఠకురాలు